చల్లదనానికి కాపలా

ఆమదాలవలసలో చల్లదనానికి తాళం వేసిన మొదటి మనిషి డేవిడ్‌రాజు. రెండో మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

అలాగని ఆయన్ని పిచ్చివాడనుకోకండి. ఉద్యోగమంతా ధాన్యం గోడౌన్లలో చేసి రిటైరైనవాడు. గోడౌన్లోకి వచ్చిన ధాన్యం ఎంత తూగిందో వెళ్ళేటప్పుడూ అంతే తూగాలి. తేడా వస్తే దాన్ని తరుగు అంటారు. ఆ తరుగు ఎక్కడ పుట్టిందో కనిపెట్టడమే ఆయన పని. ఎలుక తిన్నదా, పురుగు కొట్టిందా, పై అధికారి బావమరిది తిన్నాడా అన్నది గుమ్మంలో నిలబడి వాసన చూసి చెప్పేసేవాడు. అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లో తరగడానికేమీ కనబడక బెంగపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఇంట్లోకి ఏసీ వచ్చింది.

ఏసీ షోకుకి రాలేదు. ఇంటి మీదికి నీడ పట్టే వేపచెట్టు హుద్‌హుద్ తుఫాను గాలికి కూలిపోయింది. ఆ మరుసటి మే నెలలో శ్లాబు పెనంలా కాలింది. ఒక మధ్యాహ్నం డేవిడ్‌రాజు భార్య జ్ఞానసుందరి వంటింట్లో వడదెబ్బకి పడిపోయింది. ఆ సమయానికి ఆయన బాప్టిస్టు చర్చిలో పాత బెంచీలకి చెద పట్టిందేమోనని వంగి చూస్తున్నాడు. పక్కింటివాళ్ళు ఆమెని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తితే, కబురు తెలిసి ఈయన సైకిలు మీద వెనకాల వెళ్ళాడు. దారిలో ప్రార్థన చేసుకుందామంటే ఒక్క మాట గుర్తుకు రాలేదు. ఆమె బతికింది. డాక్టరు మాత్రం ఈయన్ని పక్కకి పిలిచి, ‘ఇంకోసారి ఇలాగైతే ఆవిడ మీకు దక్కరు. చల్లగా ఉంచండి’ అన్నాడు.

ఆ మాట డేవిడ్‌రాజు చెవికి పై అధికారి సరుకు అప్పగించినట్టు వినబడింది. ఇంకేముంది, అప్పోసప్పో చేసి మరుసటి వేసవికి ఏసీ పెట్టించాడు. మొదటి నెల కరెంటు బిల్లు చూసి కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాడు. వాడకం ఒక గీత దాటితే యూనిట్ ధరే మారిపోతుందట. ఈ లెక్కన ఆయన పింఛనుతో ఎండాకాలం మొత్తం ఏసీ నడవదు. ఏసీ నడవకపోతే సుందరి దక్కదు. ఆయన బుర్రలో ఉన్న లెక్క ఇంతే, దీని మీద నవ్వడానికి ఏమీ లేదు. నవ్వు తరవాత వస్తుంది.

మొదట్లో బుద్ధిమంతుడు చేసే పనులే చేశాడు. శ్లాబు మీద తెల్లగా సున్నం కొట్టించాడు. పడమటి కిటికీకి తాటాకు తడిక కట్టాడు. డాబా మీద తడి గోనెపట్టాలు పరిచాడు. ఏసీని ఇరవయ్యారు మీద పెట్టి పక్కన ఫ్యాను తిప్పాడు. జాలీలో దుమ్ము దులిపి కడిగాడు. రెండో బిల్లు సగానికి సగం దిగింది. ఇంకెవరైనా అయితే అక్కడితో చేతులు దులుపుకుని మామిడిపండు తినేవారు. డేవిడ్‌రాజుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం తగ్గిందంటే, అంతవరకూ సగం తరుగు పోతోందన్నమాట. మిగిలిన సగంలో మాత్రం తరుగు లేదని ఏమిటి నమ్మకం?

తెల్లారి కొవ్వొత్తి పట్టుకుని గదంతా తిరిగాడు. ఎక్కడ మంట వంగితే అక్కడ చల్లదనం కారిపోతున్నట్టు. తలుపు సందులకి గుడ్డపేలికలు కుక్కాడు. కిటికీలకి మైదా జిగురుతో పేపర్లు అంటించాడు. స్విచ్చిబోర్డు వెనక బెజ్జంలో చర్చి పండగలకి వాడే దూది దూర్చాడు. గోడౌన్లో బస్తాలకి మందు పెట్టేటప్పుడు కప్పే టార్పాలిన్లు రెండు తెచ్చి గుమ్మానికి లోపలొకటి, బయటొకటి కట్టాడు. ఎవరైనా లోపలికి వెళ్ళాలంటే మొదటి పట్టా ఎత్తి దూరాలి, అది మూసుకునేదాకా మధ్యలో చీకట్లో నిలబడాలి, అప్పుడు రెండోది ఎత్తాలి. జ్ఞానసుందరి మంచినీళ్ళకి బయటికొస్తే, ‘ఏటి, ఇప్పుడే గదా తాగినావు’ అనేవాడు. బజారుకి వెళ్ళేటప్పుడు మాత్రం బయటి గడియకి తాళం వేసి, రెండు తాళంచెవుల్లో ఒకటి భార్య చేతికే ఇచ్చేవాడు. తాళం బయట, తాళంచెవి లోపల. అయ్యో, ఇదేం భద్రత అంటే, దొంగ బయటినుంచి కదా వస్తాడు అనేవాడు. పెరటివైపు కిటికీకి ఊచలు లేవని ఆయనకెప్పుడూ గుర్తు రాలేదు.

తరవాత రూల్సు మొదలయ్యాయి. అన్నం, కూర బయట పూర్తిగా చల్లారాకే గదిలోకి పోవాలి. వేడి చారు నిషేధం. చుట్టాలు వస్తే అరుగు మీద కూర్చుని చెమట ఆరాక లోపలికి రావాలి. దెబ్బలాట పెట్టుకోవాలన్నా బయటే పూర్తిచేసుకుని రావాలి, కోపం వస్తే ఒళ్ళు వేడెక్కుతుంది కాబట్టి. పాస్టరు ఇమ్మానుయేలుగారు సుందరమ్మ కోసం ప్రార్థన చేయడానికి వస్తే, ‘అయ్యగారూ, ఒక్కరు లోపలికొచ్చి మాట్లాడితే ఒక బల్బు ఎలిగించినట్టే. దేవుడు ఎక్కడినించైనా ఇంటాడు గదండీ’ అని గుమ్మంలోనే ఆపేశాడు. పాస్టరుగారు మంచి మనిషి. టార్పాలినుకి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థించారు. లోపలినుంచి ఆమేన్ సన్నగా వినబడింది.

ఇంత చేసినా గది అనుకున్నంత చల్లగా లేదు. ఒక మధ్యాహ్నం డేవిడ్‌రాజు గోడలన్నీ అరచేత్తో తడిమి చూసుకుంటూ పక్కింటి గోడ దగ్గర ఆగిపోయాడు. ఆ గోడ చల్లగా ఉంది. మంచినీళ్ళ కుండని ముట్టుకున్నట్టుంది. ఇటు ఇంత చల్లగా ఉంటే అటు కూడా చల్లగా ఉండి తీరాలి కదా.

ఇక్కడ ఆ గోడ సంగతి చెప్పాలి. మా వైపు వీధుల్లో ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి, రెండిళ్ళకి మధ్య ఒకే గోడ. పెంకుటిళ్ళ కాలంలో ఆ గోడలు మూరెడు మందం మట్టివి. డేవిడ్‌రాజూ, పక్కింటి జగన్నాధమూ ఒకేసారి పెంకుటిళ్ళు పీకి శ్లాబులు వేసుకున్నారు. జగన్నాధం వరి, నువ్వులు పండించే రైతు. వేరే కులం, వేరే దేవుడు అయినా చిన్నప్పట్నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. బావలిద్దరూ తెలివిగా ఆలోచించి, ఉమ్మడి గోడే కదా, నీ ఖర్చు సగం, నా ఖర్చు సగం, ఒంటి ఇటుక చాలు అనుకున్నారు. ఆ రోజు ఆ తెలివికి మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు.

డేవిడ్‌రాజు అగ్గిపెట్టె అడిగే వంకతో పక్కింటికి వెళ్ళాడు. ఎప్పుడూ వాకిట్లో ఉండే పట్టెమంచం ఇప్పుడు ఉమ్మడి గోడకి అంటించి ఉంది. గోడ వారన మజ్జిగ కుండ, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. మంచం మీద జగన్నాధం చొక్కా లేకుండా, వీపు మొత్తం గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

“బావ, ఈ మంచం ఇక్కడికెప్పుడొచ్చింది?” అన్నాడు డేవిడ్‌రాజు.

“మంచం మాది, ఇల్లు మాది. ఎప్పుడొస్తే నీకేటి?” అన్నాడు జగన్నాధం కళ్ళు తెరవకుండా.

“నీ ఈపుకి తగల్తన్న సల్లదనం మాది.”

జగన్నాధం ఒక కన్ను తెరిచాడు. “దాని మీద నీ పేరు రాసున్నాదేటి? నాను తేనేదు. అదే వొచ్చింది. మీ ఏసీ డబ్బా మా పెరట్లోకి వేడి ఊదుతన్నాది, దానికి నాను అడిగినానా?”

ఇది నిజమే. ఏసీ బయటి డబ్బా జగన్నాధం పెరటివైపే తిరిగి ఉంది. అయితే డేవిడ్‌రాజు పెరట్లోకి వెళ్ళి చూస్తే, డబ్బా ఎదురుగా నులకమంచం మీద గుమ్మడి వడియాలు వరసగా పెట్టి ఉన్నాయి. జగన్నాధం భార్య లక్ష్మీనరసమ్మ వాటిని తిప్పుతోంది. ఎండ లేని రోజుల్లో కూడా భలేగా ఎండుతున్నాయట.

“అంటే ముందునుంచి సల్లదనం, ఎనకనుంచి వేడి, రెండూ మీరే తింటన్నారన్నమాట” అన్నాడు డేవిడ్‌రాజు. ఆయన కళ్ళ ముందు వంటింటి నేల మీద పడి ఉన్న సుందరి కనబడుతోంది, పక్కనే జగన్నాధం వీపు కనబడుతోంది. ఆమె ప్రాణాన్ని ఈ వీపు తినేస్తోందనిపించింది. చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తగువు అరుగు మీదికి వచ్చింది. వీధిలో తగువులన్నీ తీర్చే ధాన్యం వ్యాపారి ఎర్రన్న ఒకవైపు, పాస్టరుగారు ఒకవైపు కూర్చున్నారు. ఎర్రన్న ముందు రెండువైపులా గోడని ముట్టుకుని చూశాడు. జగన్నాధం వైపు కొంచెం ఎక్కువసేపు ముట్టుకున్నాడు. తరవాత పెరట్లో వడియం ఒకటి కొరికి చూసి, బాగా ఎండిందని ఒప్పుకున్నాడు. పాస్టరుగారు, పొరుగువాణ్ణి ప్రేమించమన్నారు గానీ గోడలోంచి కారిన చల్లదనం సంగతి వాక్యంలో తనకి గుర్తున్నంతలో లేదన్నారు. వాదనంతసేపూ జగన్నాధం ఏదో చెప్పబోయి రెండుసార్లు నోరు మూసుకున్నాడు. గుమ్మంలో లక్ష్మీనరసమ్మ అతన్ని గుడ్లురిమి చూస్తోంది. డేవిడ్‌రాజు అది చూశాడు. దొంగతనం బయటపడుతుందని భయమనుకున్నాడు.

“సరే, ఇనండి” అన్నాడు ఎర్రన్న. “పెరట్లో వేడికి వొడియాలు సెల్లు. దాని మాట ఇంక ఎత్తొద్దు. గోడ ఉమ్మడి. ఇటికలో సగందాకా ఉన్న సల్లదనం రాజుది. సగం దాటినాక జగన్నాధంది. ఎవల సగంలో ఆల్లు ఏటి సేసుకున్నా రెండోవోడు అడగకూడదు.”

“సగం దాటకుండా నాను ఆపుకోవచ్చునా?” అన్నాడు డేవిడ్‌రాజు.

“ఆపుకో. నీ సగం నీ యిష్టం.”

జగన్నాధం లేచి, “బావ, ఆపకు” అన్నాడు మెల్లిగా. డేవిడ్‌రాజు ఆ మాటకి తల కూడా తిప్పలేదు.

మర్నాడు రైసుమిల్లునుంచి ఊక బస్తాలు దిగాయి. వేడి గానీ చల్లదనం గానీ ఊకని దాటలేవని గోడౌన్లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. డేవిడ్‌రాజు గది లోపల ఉమ్మడి గోడ పొడవునా, నేలనుంచి శ్లాబుదాకా బస్తాలు ఒకదాని మీద ఒకటి నెట్టు కట్టాడు. ఒక వరస చాలదేమోనని రెండో వరస వేశాడు. గది సగమైపోయింది. మిగిలిన సగంలో మంచం, మంచం మీద జ్ఞానసుందరి. సాయంత్రానికి గది ఎంత చల్లబడిందంటే ఆమె శాలువా కప్పుకుని, దాని మీద దుప్పటి కప్పుకుంది. మే నెలలో, ఆమదాలవలసలో, ఒక మనిషి పళ్ళు టకటకలాడుతుంటే విని డేవిడ్‌రాజుకి పరమానందమైంది.

“ఊక వాసనకి ఊపిరాడ్డం నేదండి” అంది ఆమె.

“అలవాటైపోతాది. సల్లగున్నాదా నేదా?”

“సల్లగే ఉన్నాది” అంది. ఇంకేదో అడగబోయి మానేసి, బస్తాలవైపు చూస్తూ పడుకుంది.

కొన్ని రోజులు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం డేవిడ్‌రాజు కరెంటు ఆఫీసుకి వెళ్ళి బిల్లు కట్టి ఇంటికొచ్చాడు. ఎండ మాడిపోతోంది. అరుగు మీద చెమట ఆరబెట్టుకున్నాడు, రూలు తనకైనా రూలే. రెండో తాళంచెవితో తలుపు తీసి, మొదటి పట్టా ఎత్తాడు, ఆగాడు, రెండోది ఎత్తాడు. గది గుహలా చల్లగా ఉంది. మంచం మీద దుప్పటి ముసుగు. నిద్ర చెడగొట్టకూడదని మెల్లిగా పక్కన కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర దుప్పటి కొంచెం లేచి ఉంటే సర్దాడు.

“సుందరీ, ఈ నెల కూడా గీత దాటనేదు” అన్నాడు. “ఈ లెక్కన వానలొచ్చేదాకా ఏసీ ఆపక్కర్నేదు. నీకేటీ బయం నేదు. ఇన్నావా?”

ముసుగు కదలకపోయినా ఆయనకి మాట్లాడాలనిపించింది. ఆసుపత్రికి సైకిలు మీద వెళ్ళిన రోజు ప్రార్థనలో ఒక్క మాట గుర్తు రాలేదని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని, అది తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు చల్లబడతాయని చెప్పాడు. ఇంత ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ దుప్పటి మీద చెయ్యి వేశాడు. చేతికి దిండు తగిలింది. దుప్పటి లాగితే రెండు దిళ్ళు, ఒక ఊక మూట.

డేవిడ్‌రాజు మొదట వంటింట్లోకి పరుగెత్తాడు. పోయినేడు ఆమె పడిపోయిన చోటు చూశాడు. అక్కడ లేదు. బాత్‌రూమ్‌లో లేదు, డాబా మీద లేదు. పేరు పెట్టి పిలవాలని కూడా తోచలేదు. పెరట్లోకి వస్తే, గది కిటికీ పేపర్లు ఒకవైపు నీటుగా విప్పి, మళ్ళీ మూసుకునేలా మడతపెట్టి ఉన్నాయి. కిటికీ కింద పీట. పీటనుంచి జగన్నాధం పెరట్లోకి పాదాల జాడలు దారిలా పడి ఉన్నాయి.

పక్కింట్లో, గోడకి అంటించిన ఆ పట్టెమంచం మీద జ్ఞానసుందరి కూర్చుని ఉంది. నెత్తిన తడితువ్వాలు, ఒళ్ళో చాట. మొహం ఎర్రగా కందిపోయింది. లక్ష్మీనరసమ్మ ఒక చేత్తో ఆమెకి తాటాకు విసనకర్ర విసురుతూ ఇంకో చేత్తో చాటలోని చింతపండు పిక్కలు ఏరుతోంది.

“ఇక్కడేటి సేస్తన్నావు?” అన్నాడు డేవిడ్‌రాజు.

“పిక్కలు తీస్తన్నాను” అంది ఆమె.

“ఈ ఎండలోనా? సచ్చిపోతావే. లోపల అంత సల్లదనం పెట్టుకుని...”

లక్ష్మీనరసమ్మ విసనకర్ర ఆపింది. “ఈ మంచం గోడకి ఎవల కోసం జరిపినామనుకున్నారన్నయ్యా? మీరు బజారుకెల్లగానే వదిన ఇటొచ్చి కూకుంటాది. గోడ సల్లగుండేది, మనుసులుండేవోలు, బాగుండేది. మీ బావ సెప్పేద్దామంటే వదిన ఒట్టేయించుకున్నాది. మీరు ఊక పెట్టినాక ముట్టుకుని సూడండి, గోడ కాలిపోతన్నాది. అయినా వస్తన్నాది.”

డేవిడ్‌రాజు గోడ ముట్టుకోలేదు. భార్యవైపే చూస్తున్నాడు. “ఎందుకు?” అన్నాడు.

జ్ఞానసుందరి చాట పక్కన పెట్టింది. “పోయినేడు నాను పడిపోయినప్పుడు గిన్నె కిందపడ్డ సప్పుడు ఈ గోడలోంచి వదినకి ఇనబడ్డాది. పిలిస్తే పలకనేదని పరిగెట్టుకొచ్చింది. అందుకు బతికినాను. మీరు ఎండకి బయపడ్డారు గానీ నాను ఎండకి బయపడ్నేదండి. నేలమీద పడుకుని ఎవలైనా వస్తారా అని సూసినాను సూడండి, దానికి బయపడ్డాను. ఇప్పుడు గుమ్మానికి రెండు పట్టాలు, గోడకి రెండు వరసల ఊక. నాను లోపల పడిపోతే ఎవలికి ఇనబడతాది?”

“ఎందుకినబడదు?” అన్నాడు డేవిడ్‌రాజు కోపంగా. “ఇనబడతాది. ఉండు, సూపిస్తాను.”

గబగబా వెళ్ళి పట్టాలు దూరి గదిలోకి వచ్చాడు. బస్తాలకి ఎదురుగా నిలబడి, “సుందరీ” అని పిలిచాడు. కొంచెం ఆగి గట్టిగా పిలిచాడు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మంచినీళ్ళ గ్లాసు నేలకేసి కొట్టాడు. వంటింట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి పడేశాడు. అది దొర్లి దొర్లి ఆగింది. అటునుంచి ఒక్క మాట రాలేదు.

ఆయన బస్తా పట్టుకుని లాగాడు. పైది ఊడి మీద పడింది, మూతి విడిపోయి ఊక ఒళ్ళంతా కారింది. “సుందరీ” అన్నాడు. ఇంకోటి లాగాడు. పిలిచాడు. వరస మొత్తం కూలిపోయింది. ఏసీ గాలికి ఊక లేచి కళ్ళలోకి, నోట్లోకి పోతోంది. అడ్డమొచ్చిన పట్టాలు రెండూ పీకేసి, తలుపు బార్లా తీసి, బస్తాలు వీధి అరుగు మీదికి ఈడ్చిపారేశాడు. మళ్ళీ లోపలికొచ్చి మళ్ళీ పిలిచాడు. పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. రెండో వరసలో అడుగు బస్తా కదిలి ఇటుక బయటపడేసరికి ఆయనకి గొంతు పోయింది. ఈసారి చాలా మెల్లిగా, “సుందరీ” అన్నాడు.

“ఏటండీ, ఎందుకలగ అరుస్తన్నారు?” అంది జ్ఞానసుందరి గోడ అవతలినుంచి.

డేవిడ్‌రాజు ఊకలో కూలబడి గోడకి తల ఆనించాడు.

“ఇనబడతన్నాదా?” అన్నాడు.

“అన్నీ ఇనబడతన్నాయి బావ” అన్నాడు జగన్నాధం అవతలినుంచి. ఎప్పుడు ఇంటికొచ్చాడో. “ఏడుపు ఆపి ముందు తలుపెయ్యి. సల్లదనమంతా వీధిలోకి పోతన్నాది.”

డేవిడ్‌రాజు లేవలేదు. “సుందరీ, ఇంకో మాట మాటాడు” అన్నాడు.